అభ్యర్థిత్వము: నౌపడ పంచాయతీ మొదలు పార్లమెంటు వఱకు

ఎన్నికలను గూర్చి తెలుగున వెలువడు రచనలలో అధికభాగము ఓటరును ఉద్దేశించినవే. ఓటును అమ్ముకొనరాదనియు, పోలింగు దినమున ఇల్లు కదలి రావలయుననియు, కులమును గాక గుణమును చూచి వేయవలయుననియు హితవు చెప్పు వ్యాసములు కొల్లలుగా ఉన్నవి. కాని ఆ ఓటును అడుగుటకై తానే నిలువదలచిన సామాన్యుడు ఏ కచేరీకి పోవలయునో, ఏ ఫారము నింపవలయునో, ఎవరిచేత సంతకము చేయింపవలయునో, ఎంత సొమ్ము డిపాజిటుగా కట్టవలయునో విశదముగా చెప్పిన రచన అరుదు. ఈ కొఱత వలన కలిగిన నష్టము స్వల్పము కాదు. నిలుచుట యెట్లో పదిమందికి తెలియని చోట నిలుచువారు తరతరములుగా ఆ కొలది కుటుంబములవారే యగుచుందురు. తక్కినవారికి వారిలో ఒకరిని ఎంచుకొనుట మాత్రమే మిగులును. అభ్యర్థి యగుటకు చట్టము విధించిన నియమములు నిజమునకు దుస్సాధ్యములు కావనియు, వానిని తెలిసికొనకపోవుటయు, ధనభయమును, ఊరిపెద్దల ఒప్పందములును కలిసి ఆ మార్గమును మూసివేయుచున్నవనియు నా నిశ్చితాభిప్రాయము. మా శ్రీకాకుళము జిల్లా ఉద్దాన తీరమునందలి అనుభవములను ముందుంచుకొని ఈ ప్రశ్నను సమగ్రముగా పరిశీలించుట ఈ వ్యాసమున నేను తలపెట్టిన పని.

హౌరా–చెన్నై రైలుమార్గమునుండి గుణుపూరు శాఖ చీలు కూడలియై, ఉప్పుమళ్లకు పేరుగాంచిన నౌపడ, సంతబొమ్మాళి మండలములోని గ్రామము. అచ్చటి ఓటరు ఆరు పదవులకు ప్రతినిధులను ప్రత్యక్షముగా ఎన్నుకొనును: తన వార్డు సభ్యుడు, సర్పంచి, మండల ప్రాదేశిక సభ్యుడు, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యుడు, టెక్కలి శాసనసభ్యుడు, శ్రీకాకుళము లోక్‌సభ సభ్యుడు. పలాస–కాశీబుగ్గ పురపాలక సంఘమునందైనచో మొదటి నాలుగింటికి బదులు కౌన్సిలరు ఒక్కడే యుండును. ఓటరుగా ఈ ఆరింటిని ఎఱుగని వాడు లేడు. అభ్యర్థిగా ఈ ఆరింటిలో దేనికైనను తాను అర్హుడనని తలచినవాడు మాత్రము వేయింట ఒకడును కానరాడు. మొదటి నాలుగు ఎన్నికలను రాష్ట్ర ఎన్నికల సంఘమును, చివరి రెంటిని కేంద్ర ఎన్నికల సంఘమును నడపును. వాని చట్టములు వేఱు, ఫారములు వేఱు, గడువులు వేఱు. ఈ భేదమును గుర్తింపక ఒకదాని నియమమును మఱియొకదానికి అన్వయించుకొని భ్రమపడువారు అనేకులు.

అభ్యర్థిత్వ మనునది ఈ ప్రాంతమున ఎంత దూరము నడచి వచ్చినదో తెలియుటకు మదరాసు రాజధాని కాలమును స్మరింపవలయును. ఆనాడు ఓటు హక్కు ఆస్తికిని, పన్నుకును, చదువునకును ముడివడి యుండెను. జమీందారు నిలిచినచోట ఆయనకు ప్రత్యర్థిగా నిలుచుట సాహసమే. అట్టి కాలమున, 1937 ఎన్నికలలో, కార్మికోద్యమమున పేరుపొందిన వరాహగిరి వేంకటగిరి కాంగ్రెసు పక్షమున బొబ్బిలిలో నిలిచి, అంతవఱకు మదరాసు రాజధానికి ముఖ్యమంత్రిగా నున్న బొబ్బిలి రాజాను ఆయన సొంత సంస్థానమునందే ఓడించెను. వయోజనులందఱకును ఓటు లభించిన పిదప జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో ఆయనయే మన పొరుగుననున్న పాతపట్నము స్థానమునుండి లోక్‌సభకు ఎన్నికై, కేంద్రమున కార్మికమంత్రి యయ్యెను.

ఆ గిరిగారే 1957లో పార్వతీపురమున ఓడిపోయిన వృత్తాంతము అభ్యర్థిత్వమును గూర్చి మన జిల్లా దేశమునకు నేర్పిన గొప్ప పాఠము. పార్వతీపురము అప్పుడు ద్విసభ్య నియోజకవర్గము. రెండు స్థానములలో ఒకటి సాధారణము, ఒకటి షెడ్యూల్డు తెగలకు కేటాయింపబడినది. ఓట్లు లెక్కించి చూడగా తెగలకు చెందిన అభ్యర్థులు ఇద్దఱు ముందు నిలిచిరి. అత్యధికముగా ఓట్లు పడినవానికి రిజర్వు స్థానమును, రెండవవాడైన దిప్పల సూరిదొరకు సాధారణ స్థానమును దక్కగా, స్వల్పమైన తేడాతో గిరి వెనుకబడెను. రిజర్వు స్థానమునకై నిలిచినవానికి సాధారణ స్థానమును ఎట్లు ఇత్తురని ఆయన వ్యాజ్యెమాడెను. సాధారణ స్థానము ఏ ఒక్క వర్గమునకును సొత్తు కాదనియు, తెగలకు చెందినవాడు తనకై కేటాయింపబడిన స్థానమునకు నిలిచినంత మాత్రమున అందఱితో సమానముగా పోటీచేయు హక్కును పోగొట్టుకొనడనియు సుప్రీంకోర్టు 1959లో తీర్పు చెప్పి ఆ వాదమును త్రోసిపుచ్చెను. తరువాత రెండేండ్లకు, 1961లో, ద్విసభ్య నియోజకవర్గములే రద్దయినవి. దేశాధ్యక్షపదవిని అధిష్ఠింపబోవు మహనీయుని, కొండజాతికి చెందిన ఒక అభ్యర్థి సాధారణ స్థానమున ఓడించెనను విషయమును మన పిల్లలకు పాఠ్యపుస్తకములలో చెప్పదగును. నేటికిని పంచాయతీలలో ‘ఇది జనరల్ సీటు, నీ కెందుకు’ అని దళితులను, స్త్రీలను వారించు పెద్దలకు ఆ తీర్పే సమాధానము: రిజర్వేషను అర్హతకు అడుగుమట్టమే కాని పైకప్పు కాదు.

అభ్యర్థి స్థానికుడై యుండవలయునా అను ప్రశ్నకును మా తీరము ఉదాహరణములనిచ్చినది. బారువలో జన్మించిన సర్దార్ గౌతు లచ్చన్న సోంపేటనుండి పలుమాఱులు శాసనసభకు ఎన్నికైన నాయకుడు. ఆయన 1967లో శ్రీకాకుళము లోక్‌సభ స్థానమును గెలిచి, చిత్తూరులో ఓడిన తన రాజకీయగురువు ఆచార్య రంగాకై దానిని విడిచిపెట్టగా, గుంటూరు జిల్లా నిడుబ్రోలు వాసియైన రంగా ఉపఎన్నికలో శ్రీకాకుళమునుండి పార్లమెంటుకు వెళ్లెను. నందమూరి తారక రామారావు 1994లో హిందూపురముతోపాటు టెక్కలిలోను నిలిచి, రెంటను గెలిచి, టెక్కలిని వదలుకొనెను. మఱుసటి సంవత్సరము టెక్కలి ఓటరులు ఉపఎన్నికకై మరల బారులు తీరవలసివచ్చెను. ఒకే సాధారణ ఎన్నికలో ఒకడు రెండు స్థానములకు మించి నిలువరాదను నియమము 1996లోగాని రాలేదు. 1985లో రామారావుగారు మూడుచోట్ల నిలిచి మూడింటను గెలిచియుండిరి. లోక్‌సభకు నిలుచువాడు దేశములో ఎచ్చట ఓటరైనను చాలును; శాసనసభకు ఆ రాష్ట్రములో ఎచ్చటనైనను ఓటరై యుండవలయును; జిల్లా పరిషత్తు ప్రాదేశికమునకు ఆ జిల్లాలోను, మండల ప్రాదేశికమునకు ఆ మండలములోను, సర్పంచి పదవికిని వార్డు సభ్యత్వమునకును ఆ గ్రామపంచాయతీ జాబితాలోను పేరుండవలయును. పదవి చిన్నదగుకొలది భూమితో బంధము గట్టిపడుచున్నది. ఇది ఉచితమని నా నమ్మకము.

ఆ 1967 ప్రాంతముననే ఈ ఉద్దానమున, ఏజెన్సీ కొండలలో, ఎన్నికలనే బహిష్కరింపుడని పిలుపునిచ్చిన సాయుధపోరాటము చెలరేగి, పలాస పరిసర గ్రామముల యువకులనేకులు అందు ప్రాణములు కోల్పోయిరి. అభ్యర్థిత్వమును సమీక్షించువాడు ఆ ఘట్టమును దాటవేయరాదు. పెట్టెలో పడు కాగితము వలన పేదవానికి ఏమియు ఒఱగదని నమ్మినవారు ఆనాడు అందఱును అవివేకులు కారు. నిలుచువారిలో తమవంటివా డొక్కడును లేకపోవుట వారి నిరాశకు ఒక కారణము. ఆ కారణము నేటికిని పూర్తిగా తొలగలేదు.

ఇక అర్హతల సంగతి. శాసనసభకును లోక్‌సభకును 25 సంవత్సరములు, స్థానిక సంస్థలకు 21 సంవత్సరములు నిండవలయును. భారత పౌరసత్వము తప్పనిసరి. రెండేండ్లకు తక్కువ కాని శిక్ష పడినవాడు శిక్షాకాలమును, విడుదలైన పిదప ఆరు సంవత్సరములును అనర్హుడు. కొన్ని ప్రత్యేక నేరములకు అంతకంటె తక్కువ శిక్షయైనను అనర్హత కలుగును. కేసు నడచుచున్నంత మాత్రమున అనర్హత లేదు. ప్రభుత్వోద్యోగి, లాభదాయకమైన పదవి నున్నవాడు, ప్రభుత్వముతో నడచుచున్న కాంట్రాక్టు గలవాడు నిలువరాదు. ఉపాధ్యాయులు పలువురు ఇచ్చట పొరబడుదురు: రాజీనామా పత్రమును సమర్పించుటతో సరిపోదు, నామినేషనుల పరిశీలన దినమునాటికి అది ఆమోదింపబడి యుండవలయును. పంచాయతీకి చెల్లవలసిన బకాయి, గత సంవత్సరము వఱకు నోటీసు అందినదైయుండి గడువు దాటినను కట్టకున్నచో, సర్పంచి పదవికి అడ్డగును. ఇంటిపన్ను రసీదును పారవేయరాదని పెద్దలు చెప్పుట ఇందుకే. ఇద్దఱికి మించి సంతానము గలవారు స్థానిక సంస్థలలో నిలువరాదని 1994 నాటి పంచాయతీరాజ్ చట్టములో నుండిన నిషేధమును ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో తొలగించినది. ముప్పదేండ్లపాటు ఎందఱో పేదలను, ముఖ్యముగా స్త్రీలను, వారి వశములో లేని కారణమునకు దూరముంచిన నియమమది, పోవుట మేలయినది.

నామినేషను దాఖలు చేయు గదిలో జరుగు తంతును వివరముగా చూతము. ఏలయన అభ్యర్థులు చిక్కుబడునది అచ్చటనే. శాసనసభ స్థానమునకు సాధారణముగా సబ్‌కలెక్టరో, రెవెన్యూ డివిజను అధికారియో రిటర్నింగు అధికారిగా ఉండును. లోక్‌సభకు జిల్లా కలెక్టరు. ప్రకటన వెలువడిన నాటినుండి ఏడవ దినము వఱకు, సెలవు దినములు తప్ప, పగలు 11 గంటలనుండి 3 గంటలలోగా పత్రములు స్వీకరింతురు. కార్యాలయమునకు నూఱు మీటరుల లోపలికి మూడు వాహనములకు మించి రాకూడదు. గదిలోనికి అభ్యర్థితో కలిపి ఐదుగురే ప్రవేశింపవలయును. ఊరేగింపు, డప్పులు, బాణసంచా అన్నియు ఆ గీతకు ఇవతలనే ఆగిపోవును. లోపల మిగులునది కాగితము. శాసనసభకు 2బి ఫారము, లోక్‌సభకు 2ఏ ఫారము. గుర్తింపు గల పార్టీ అభ్యర్థికి ఆ నియోజకవర్గపు ఓటరు ఒక్కడు ప్రతిపాదించిన చాలును. స్వతంత్రునకును, గుర్తింపులేని పార్టీవానికిని పదిమంది ప్రతిపాదకులు కావలయును. ఒక్కొక్కరి పేరునకు ఎదురుగా ఓటరు జాబితాలోని భాగసంఖ్యను, వరుససంఖ్యను వ్రాసి సంతకము చేయింపవలయును.

నౌపడ ఉప్పుమళ్లలో పనిచేయు కూలీ ఒకడు తన పక్షమున నిలిచినవానిని ప్రతిపాదింపదలచెననుకొందము. అతనికి సంతకము రాదు. ఇంటివద్ద కాగితముపై వేలిముద్ర వేసి పంపినచో అది చెల్లదు; ఆ ముద్రను రిటర్నింగు అధికారి యెదుటనో, ఎన్నికల సంఘము అధికారమిచ్చిన అధికారి యెదుటనో వేయవలయును. అనగా ఆ కూలీ ఆ దినపు కూలిని వదలుకొని టెక్కలికి రావలయును. పదిమందిలో ఒకడు తగ్గినను నామినేషను వ్యర్థము. అందుచేత పదిమందితో సరిపెట్టుకొనక, ఒకే అభ్యర్థి నాలుగు వఱకు నామినేషను పత్రములు వేయుటకు చట్టమిచ్చిన అవకాశమును వినియోగించుకొని, రెండు మూడు పత్రములను వేర్వేఱు ప్రతిపాదకులతో దాఖలు చేయుట వివేకము. అక్షరదోషమును, సంఖ్యలలోని చిన్న పొరపాటును కారణముగా చూపి పత్రమును త్రోసివేయరాదని చట్టమే చెప్పుచున్నది. కాని ప్రతిపాదకుడే ఓటరు కానిచో, సంతకమే లేనిచో, ఎవరును కాపాడజాలరు.

పత్రము సమర్పించిన పిదప అభ్యర్థి రాజ్యాంగముపట్ల విశ్వాసమును ప్రకటించుచు ప్రమాణము చేయవలయును. ఇది దాఖలుకు తరువాతను, పరిశీలన దినమునకు ముందును జరుగవలయును. అన్ని పత్రములు సరిగానుండి ప్రమాణము ఒక్కటి మఱచిపోయి పరిశీలన ఉదయమున పరుగున వచ్చినవానికి ప్రవేశము లేదు. స్వతంత్రులు మూడు గుర్తులను తమ ఇష్టము చొప్పున వరుసగా వ్రాయవలయును. పార్టీ అభ్యర్థులకు ఏ-ఫారము, బి-ఫారము చివరి దినము 3 గంటలలోగా చేరవలయును. ఆ బి-ఫారముకై ఆఖరి రాత్రివఱకు రాజధానిలో పడిగాపులు పడువారి కథలు మనము ప్రతి ఎన్నికలోను వినుచుందుము.

అఫిడవిటును గూర్చి కొంత ఆగి చెప్పవలయును. 2002లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పువలన, అభ్యర్థి తనపై గల కేసులను, తనవియు భార్యాభర్తలవియు తనపై ఆధారపడినవారివియు ఆస్తులను, అప్పులను, చదువును ప్రమాణపూర్వకముగా వెల్లడింపవలసివచ్చెను. ఇదియే 26వ ఫారము. ఇందులో ఒక్క గడియైనను ఖాళీగా విడువరాదు. లేనిచో ‘లేదు’ అనియో, ‘వర్తించదు’ అనియో వ్రాయవలయును. అధికారి గుర్తుచేసిన పిదపకూడ ఖాళీలను పూరింపకున్నచో నామినేషనును తిరస్కరింపవచ్చునని 2013లో సుప్రీంకోర్టు స్పష్టము చేసెను. మూడెకరముల జీడితోట, కొబ్బరితోట మీద సహకార సంఘములో తీసికొన్న అప్పు, భార్య మెడలోని పుస్తెలతాడు, బ్యాంకులోని పదునాలుగు వేలు: వీనిని దాపరికము లేక వ్రాసినచో అది గౌరవమే. 2024లో గుంటూరు లోక్‌సభకు నిలిచిన, అమెరికాలో స్థిరపడి వచ్చిన వైద్యుడు పెమ్మసాని చంద్రశేఖర్ ప్రకటించిన కుటుంబ ఆస్తి సుమారు 5,700 కోట్లు. ఆ ఫారమే, ఆ గడులే, మా ఉద్దానపు జీడిరైతుకును.

పరిశీలనలో నామినేషను పోయినవాడు వెంటనే కోర్టుకు పోవుదునన్న కుదరదు. మదరాసు రాష్ట్రములో నామక్కల్ స్థానమునకు నిలువబోయి తిరస్కరింపబడిన పొన్నుస్వామి వ్యాజ్యెమున సుప్రీంకోర్టు 1952లోనే ఈ మాట తేల్చినది: ఎన్నిక నడచుచుండగా న్యాయస్థానములు జోక్యము చేసికొనరాదు. నేటి చట్టము ప్రకారము ఫలితము వెలువడిన పిదప 45 దినములలో హైకోర్టున ఎన్నికల పిటిషను వేయవలయును. పంచాయతీ ఎన్నికలలో మాత్రము తిరస్కరణపై రెవెన్యూ డివిజను స్థాయి అధికారికి మఱునాడే అప్పీలు చేసికొను సౌకర్యము కలదు. సామాన్యునకు ఇది మిక్కిలి ఉపయుక్తము. దీనిని ఎఱిగినవారు తక్కువ.

డబ్బు విషయమునకు వత్తము. నేడు లోక్‌సభకు 25,000 రూపాయలు, శాసనసభకు 10,000 రూపాయలు డిపాజిటు. షెడ్యూల్డు కులములకును తెగలకును అందు సగము. చెల్లిన ఓట్లలో ఆరవవంతుకు మించి రానిచో ఆ సొమ్ము పోవును. తొలి సార్వత్రిక ఎన్నికలనాడు ఇది 500, 250 రూపాయలు. దశాబ్దములపాటు అంతే యుండెను. దానిని మార్చినది తెలుగునేలమీది ఒక జలదుఃఖము. ఫ్లోరైడు నీటితో ఎముకలు వంగిపోవుచున్న నల్లగొండ ప్రజలు తమ గోడును ఎవరును వినకపోవుటచే 1996 లోక్‌సభ ఎన్నికలలో వందలకొలది నామినేషనులు వేసిరి, 480 మంది అభ్యర్థులు నిలిచిరి, ఓటుపత్రము పుస్తకమయ్యెను. ఆ సంవత్సరమే చట్టము మారి డిపాజిటు లోక్‌సభకు 10,000, శాసనసభకు 5,000 అయ్యెను. స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల నియమమును అప్పుడే వచ్చెను. నీటికి పరిష్కారము చూపుటకంటె నామినేషనుకు కట్టడి చేయుటలో ప్రభుత్వము ఎక్కువ చుఱుకు చూపెనని చెప్పక తప్పదు. అయినను 2019లో నిజామాబాదు పసుపు, ఎఱ్ఱజొన్న రైతులు 178 మంది, తలా 25,000 కూడబెట్టుకొని, తలా పదిమంది ప్రతిపాదకులను తెచ్చుకొని నిలిచిరి. మొత్తము అభ్యర్థులు 185 మంది. ఆ రైతులలో ఎవరికిని డిపాజిటు దక్కలేదు. కాని పసుపు బోర్డు మాట ఆ తరువాత ఏ పార్టీయు దాటవేయజాలకపోయెను. 2025లో నిజామాబాదున జాతీయ పసుపు బోర్డు ప్రారంభమైనది.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలములను ఎంతకాలమునుండియో పీడించుచున్నది. దాని మూలకారణము నేటికిని శాస్త్రజ్ఞులకు చిక్కలేదు. పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనా కేంద్రమును, 200 పడకల ఆసుపత్రియును, హిరమండలమునుండి నీటిని తెచ్చు పథకమును 2023 డిసెంబరుకుగాని ప్రారంభము కాలేదు. డయాలసిస్‌కై వారమునకు రెండు మూడు దినములు తిరుగు రోగి కుటుంబమునుండి ఒక అభ్యర్థి నిలిచియుండినచో, గెలుపోటములను అటుంచి, ప్రధాన పార్టీల అభ్యర్థులు ఆ విషయమును మఱింత ముందుగా తమ ప్రసంగములలో మొదటి మాటగా చేసికొనియుండెడివారు. ఓడిపోవు అభ్యర్థిత్వమునకును ప్రయోజనము కలదని నల్లగొండ, నిజామాబాదు చూపినవి.

డిపాజిటు చిన్నది, భయపెట్టునది ఖర్చు. 2022 నాటి సవరణ ప్రకారము మన రాష్ట్రమున లోక్‌సభ అభ్యర్థి 95 లక్షలు, శాసనసభ అభ్యర్థి 40 లక్షలు మించి ఖర్చు పెట్టరాదు. నామినేషనుకు ముందుగా ఎన్నికలకై ప్రత్యేకముగా బ్యాంకు ఖాతా తెఱచి, దినదినము లెక్క వ్రాసి, ఫలితము వెలువడిన 30 దినములలో జిల్లా ఎన్నికల అధికారికి సమర్పింపవలయును. లెక్క ఇయ్యనివానిపై మూడేండ్ల నిషేధము పడవచ్చును. గెలుపు ఆశలేని స్వతంత్రులు ఓడినవెంటనే ఈ పనిని విస్మరించి తరువాతి ఎన్నికకు అనర్హులగుచుందురు. పరిమితికి మించి, లెక్కకు అందకుండ, ఓటుకు ఇంత అని పంచెడి సొమ్మును గూర్చి ప్రతి గ్రామమునకును తెలియును. దానిని నేను క్షమింపను. కాని ఆ పంపకములకు భయపడి నీతిగల వారు నిలువకుండుట ఆ పంపకములను శాశ్వతము చేయుటయే.

అసలైన బడి పంచాయతీ. 2021లో జరిగిన పంచాయతీ ఎన్నికలలో సర్పంచి డిపాజిటు 3,000 రూపాయలు, వార్డు సభ్యునిది 1,000. షెడ్యూల్డు కులములు, తెగలు, వెనుకబడిన తరగతులకు అందు సగము. ప్రతిపాదకుడు ఒక్కడు చాలును. పార్టీ గుర్తులు లేవు. రాష్ట్ర ఎన్నికల సంఘము నిర్ణయించిన స్వతంత్ర గుర్తులను అభ్యర్థుల పేర్ల తెలుగు అక్షరక్రమమున కేటాయింతురు. ఓటుపత్రముపై పేర్లుండవు, గుర్తులే యుండును. అందుచేత తన గుర్తును వారము దినములలో గడపగడపకు తెలియజేయుట అభ్యర్థికి ముఖ్యమైన పని. ఇంతటి సులభమైన ఎన్నికలోను పోటీ లేకుండ చేయుటకు జరుగు యత్నములు ఎన్నో. ఏకగ్రీవమైన పంచాయతీలకు ప్రభుత్వము 5 లక్షలనుండి 20 లక్షల వఱకు జనాభాను బట్టి ప్రోత్సాహకము ప్రకటించినది. ఊరంతయు నిజముగా ఒక్క మాటపై నిలిచి ఒక యోగ్యుని ఎన్నుకొనుట మెచ్చదగినదే. కాని రచ్చబండ దగ్గఱ నలుగురు కూర్చుండి, గుడికి ఇంత ఇచ్చెదనన్నవానికి పదవిని వేలముపాడినట్లు కట్టబెట్టి, మిగిలిన వారిని బుజ్జగించియో బెదరించియో నామినేషను వేయనీయకుండుటను ఏకగ్రీవమని పిలువజాలము. అది నేరము, వేలముపాటలు చెల్లవని రాష్ట్ర ఎన్నికల సంఘములు హెచ్చరించుచునే యున్నవి. గ్రామమునకు వచ్చు పది లక్షలకంటె, ఒక పేదవాడు పెద్దమనిషి యెదుట తన పేరును గుర్తుతో నిలుపుకొను అవకాశము విలువైనది.

స్త్రీల విషయము వేఱుగా చెప్పవలసినది. మన రాష్ట్రమున స్థానిక సంస్థలలో సగము స్థానములు స్త్రీలకు కేటాయింపబడినవి. 2013 పంచాయతీ ఎన్నికలనాటినుండి ఇది అమలులో నున్నది. శాసనసభలోను, లోక్‌సభలోను మూడవవంతు కేటాయింపునకు 2023లో రాజ్యాంగ సవరణ జరిగినను, జనగణన, పునర్విభజన పిదపగాని అది అమలుకు రాదు. మన పల్లెలలో స్త్రీ సర్పంచియై, భర్త సంతకము తప్ప అన్ని పనులు చేయుట నేటికిని కలదు. దీనిని చూచి స్త్రీ రిజర్వేషనే వ్యర్థమను వాదము నాకు సమ్మతము కాదు. పొదుపు సంఘముల లెక్కలు వ్రాసి, బ్యాంకుకు వెళ్లి అప్పు తెచ్చి తిరిగి కట్టిన స్త్రీలు మా తీరమున ఊరూర ఉన్నారు. వారికి నామినేషను ఫారము కొత్త చిక్కు కాదు. కొఱత పడినది ఒక్కటే: వారిని ముందుకు రమ్మని అడిగినవారు లేరు. జనరల్ స్థానములలోను వారు నిలువవచ్చునన్నది సూరిదొర తీర్పు నాటినుండి స్థిరమైన సూత్రము.

మా ప్రాంతమునకు ప్రత్యేకమైన మఱియొక అడ్డంకి వలస. భావనపాడు మొదలగు తీరగ్రామముల మత్స్యకారులు గుజరాతు రేవులకు, జీడి కూలీలును తాపీపనివారును విశాఖకు, హైదరాబాదుకు, చెన్నైకి వెళ్లి నెలలతరబడి ఉందురు. ఇల్లు తాళము వేసియున్నది గనుక పేరు తొలగించుట సర్వసాధారణమైనది. చట్టమో, తాత్కాలికముగా ఇల్లు విడిచినంత మాత్రమున సాధారణ నివాసము పోదని చెప్పుచున్నది. జాబితాలో పేరు లేనివానికి ఓటుతోపాటు అభ్యర్థిత్వమును పోవును; లోక్‌సభ మాట అటుంచి, తన సొంత ఊరి వార్డుకుకూడ నిలువజాలడు. విదేశములలో పనిచేయుచు భారత పౌరులుగనే యున్నవారు 2010 నాటి సవరణ ప్రకారము తమ పాస్‌పోర్టులోని చిరునామాతో ఓటరులుగా నమోదు కావచ్చును, నిలువవచ్చును. గల్ఫు దేశములలోని మన యువకులలో ఎందఱికి ఇది తెలియును?

ఈ సమీక్షను చదువుచున్న యువతీయువకులకు నా మనవి. ఎన్నికల ప్రకటన కొఱకు వేచియుండక, ఈ నెలలోనే పంచాయతీ కచేరీలో ఓటరు జాబితాను అడిగి మీ పేరు, భాగసంఖ్య, వరుససంఖ్య చూచుకొనుడు. ఇంటిపన్ను బకాయి కట్టి రసీదు భద్రపఱచుడు. కులధ్రువపత్రము అవసరమైనవారు ముందే తీసికొనుడు. ఊరి తాగునీటి పథకమున, పంచాయతీ నిధులలో ఏమి జరుగుచున్నదో గ్రామసభలో అడుగుడు. అడిగినవారినే జనము గుర్తింతురు. మొదట శాసనసభకు కాక వార్డు సభ్యత్వమునకు నిలువుడు. దానికి కావలసినది ఒక ప్రతిపాదకుడు, వేయి రూపాయలు లేక ఐదువందలు, ప్రకటన వెలువడిన మూడు దినములలో ఒక పూట.